మూడు పొంగుల పాలు

దుర్గాశ్రీ జ్వరం మూడో వారంలో పడింది. కిందటి వారం మనం ఆమెను రాజమండ్రిలో, డాక్టర్ సాయిప్రసన్న ఆసుపత్రి మేడమీద గదిలో, ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి పడుకుని ఉండగా వదిలి వచ్చాం. ఏడో నెల కడుపు. సాయంత్రం అయ్యేసరికి జ్వరం ఎక్కుతుంది, తెల్లవారేసరికి దుప్పటి పిండేంత చెమట పోసి దిగిపోతుంది, మళ్ళీ సాయంత్రానికి తయారు. కొవ్వూరులో టైఫాయిడ్ అన్నారు, మందులు మింగించారు. తగ్గలేదు. కిందటేడు ఒక కడుపు పోగొట్టుకున్న పిల్ల. ఈసారి కూడా అలాగే అవుతుందేమోనన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు, ఎవరూ మరిచిపోరు. డాక్టరమ్మ అన్నీ చూసి చూసి చివరికి ఒక వింత ప్రశ్న వేసింది. "మీ ఇంట్లో ఎవరైనా పచ్చిపాలు తాగుతారా?"

ఆ మాటకి అత్తగారు రత్నమాణిక్యం ఏం జవాబు చెప్పిందో వినకుండానే వచ్చేశాం కదా. ఆవిడ నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది! కొవ్వూరు వీధుల్లో ఎవరిని అడిగినా చెబుతారు, రత్నమాణిక్యం పాలు కాచడమంటే అదొక తంతు. పాలు ఒకసారి పొంగుతాయి, మంట తగ్గిస్తుంది. మళ్ళీ పొంగుతాయి, మళ్ళీ తగ్గిస్తుంది. మూడో పొంగు వస్తే గానీ గిన్నె దిగదు. "మాణిక్యం గారింట్లో కాఫీ తాగాలంటే చద్దన్నం మూటగట్టుకుని వెళ్ళాలమ్మా" అని పక్కింటి బుజ్జమ్మ వేళాకోళం ఆడుతుంది. అలాంటి మనిషిని పట్టుకుని పచ్చిపాల మాట అడిగితే నవ్వు రాదూ మరి.

"పచ్చిపాలా! అడగాల్సిన వాళ్ళనే అడిగారు డాక్టరు గారూ. మూడు పొంగులు రానిదే నేను పాలగిన్నె దించనండి. కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నేర్పారు. ఈనాటికీ తప్పలేదు" అంది.

అసలు ఆ ఇంట్లో పాల గొడవ దుర్గాశ్రీ నెల తప్పిన రోజునే మొదలైంది. వాళ్ళది కిరాణా కొట్టు. తెల్లవారకుండానే ట్రేల నిండా పాల ప్యాకెట్లు దిగుతాయి, పొద్దెక్కేసరికి అమ్ముడైపోతాయి. ఊరికంతా ప్యాకెట్ పాలు అమ్మేవాళ్ళు సొంత కోడలి దగ్గరికి వచ్చేసరికి అవి పనికిరావనుకున్నారు. కిందటేడు కడుపు పోయింది ఆ పాలవల్లేనని ఎవరో అన్నారు, ఇంకెవరో ఫోన్‌లో వీడియో పంపారు. ఏడుపులో ఉన్నవాళ్ళకి ఏదో ఒక కారణం దొరికితే చాలు, అది నిజమా కాదా అని అడగరు. రత్నమాణిక్యమూ అడగలేదు. ఆవిడ కొడుకు యుగంధర్ ఊళ్ళన్నీ గాలించి నాగేశ్వరప్రసాద్‌ని పట్టుకొచ్చాడు. భీమవరంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, గోదారి లంకలో నాటు ఆవుల్ని మేపుకుంటున్న మనిషి. మందులు లేని మేత, గాజుసీసాల్లో ఆర్గానిక్ పాలు.

"పచ్చిగానే పట్టించండి. కాచితే పాలల్లో ప్రాణం పోతుంది" అని మొదటి రోజునే చెప్పాడాయన.

"పాలకి ప్రాణం ఎందుకు బాబూ, పిల్లకి ఉంటే చాలు" అని రత్నమాణిక్యం సీసా అందుకుని లోపలికి పోయింది.

అలా రాజీ కుదిరింది. పాలు ఆయనవి, పొంగులు ఈవిడవి. మందులు లేని పాలు, పైగా మూడు పొంగులు కాచినవి, ఇంతకంటే మేలైన పాలు గోదారికి ఈ గట్టున గానీ ఆ గట్టున గానీ ఏ కడుపుతో ఉన్న పిల్లకైనా దొరుకుతాయా అని ఆవిడ మురిసిపోయింది. ఆ మురిపెమే ఇప్పుడు ఆసుపత్రిలో కూడా నవ్వించింది.

డాక్టర్ సాయిప్రసన్న మాత్రం నవ్వలేదు.

"అమ్మా, నా అనుమానం చెబుతాను వినండి. పశువుల నుంచి పాల ద్వారా మనుషులకి వచ్చే జ్వరం ఒకటుంది. బ్రూసెల్లోసిస్ అంటాం. ఇలాగే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కీళ్ళు పట్టేస్తాయి. మామూలు మనిషికైతే మందులు వాడితే తగ్గిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తే బిడ్డ దక్కకపోవచ్చు. రక్తం పరీక్షకి పంపాను, రేపటికి గానీ రాదు. కాచని పాలు లోపలికి వెళ్ళాయని తెలిస్తే రిపోర్టు కోసం ఆగను, ఈ నిమిషమే మందు మొదలుపెడతాను. ఏమీ తెలియకుండా ఏడో నెల మనిషికి అంత మందు గుడ్డిగా ఎక్కించలేను. ఒక్క పూట ఆలస్యమైనా బిడ్డకి మంచిది కాదు. అందుకని బాగా ఆలోచించి చెప్పండి."

రత్నమాణిక్యం ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. అయినా మాట మార్చలేదు. "ఆలోచించడానికి ఏం లేదండి. అన్నవరం సత్యదేవుడి మీద ఒట్టు, నా కోడలి నోట్లో పచ్చిపాల చుక్క పడలేదు" అంది.

అంత గట్టిగా ఒట్టు పెట్టాక డాక్టరు మాత్రం ఏం చేస్తుంది? ఇంకో రెండు పరీక్షలు రాసి పక్క గదిలోకి వెళ్ళింది. యుగంధర్ ఊరుకోలేదు. పొద్దుటినుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడేమో, మధ్యాహ్నానికి నాగేశ్వరప్రసాద్ మోటారు సైకిల్ మీద వంతెన దాటి వచ్చాడు. పొలం నుంచి అలాగే బయల్దేరినట్టున్నాడు, ప్యాంటు అంచులకి బురద ఆరి ఉంది.

"ఏవండీ, మీ ఆవులకేమైనా జబ్బుందా?" అని యుగంధర్ వరండాలోనే అడిగేశాడు.

"మా ఆవులకి జబ్బేంటండీ? ఒక్క ఇంజెక్షన్ ఎరగవు అవి."

"ఇంజెక్షన్ ఎరక్కపోతే జబ్బు లేనట్టేనా?" మాటలు విని డాక్టరు గదిలోంచి బయటికి వచ్చింది. "టీకాలు వేయించారా? ఎప్పుడైనా వాటి రక్తం పరీక్ష చేయించారా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "సహజంగా పెంచుతున్నామండి. టీకాలూ అవీ పెట్టుకోలేదు."

"పోనీ, ఈ మధ్య ఏ ఆవుకైనా నెలలు నిండకుండా దూడ పడిపోయిందా?"

ఆయన డాక్టరు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "గౌరి అని ఒక ఆవు... ఈసుకుపోయిందండి. ఎనిమిదో నెలలో. ఎండలకి అనుకున్నాం" అన్నాడు మెల్లగా.

"దాని పాలు?"

"పాలకి దిగింది కదండీ. మిగతా వాటితోనే కలిపాం."

ఎనిమిదో నెల అన్న మాట చెవిన పడగానే రత్నమాణిక్యం కళ్ళు కోడలి గది తలుపు వైపు పోయాయి. అంతే, ఇక ఆవిడని పట్టేవాళ్ళు లేకపోయారు. గారులూ అండీలూ గోదాట్లో కలిసిపోయాయి.

"చచ్చిన దూడ తల్లి పాలు పిండి తెచ్చి నా కోడలికి పోశావా! నీ చదువు తగలెయ్య! సీసా మీద ఆవు బొమ్మ, తులసాకు బొమ్మ! నోరులేని గొడ్డు బిడ్డని పోగొట్టుకుంటే ఎందుకు పోగొట్టుకుందా అని అడగబుద్ధి కాలేదా నీకు? మా కొట్లో ప్యాకెట్టే పోసుకుని ఉంటే ఈ పాటికి నా కోడలు ఇంట్లో తిరుగుతూ ఉండేది కదరా! దానికేమైనా అయిందో, నీ గుమ్మం ముందు కూర్చుని ప్రాణం తీసుకుంటాను, ఏమనుకున్నావో!"

వరండాలో కూర్చున్న వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. యుగంధర్ తల్లిని ఆపలేదు. ఆయన చొక్కా పట్టుకోవడానికి తనే ఒక అడుగు ముందుకు వేశాడు.

నాగేశ్వరప్రసాద్ వెనక్కి తగ్గి గోడకి ఆనుకున్నాడు. అయినా ఒక మాట మాత్రం అన్నాడు. "అమ్మా, తిట్టండి, పడతాను. కానీ పచ్చిగా తాగమని నేను చెబితే మీరు వినలేదు కదా. మూడు పొంగులు కాస్తానని మీరే కదండీ ఊరంతా చెప్పుకునేది. అంతగా కాచాక ఇంకే పురుగు బతుకుతుందండీ?"

"ఆ మాట నిజమే" అంది డాక్టరు.

రత్నమాణిక్యం డాక్టరు ముఖంలోకి చూసింది.

"కాచిన పాలల్లో ఇది బతకదమ్మా. మూడు పొంగులు కూడా అక్కర్లేదు, ఒక్క పొంగు చాలు. మీ కొట్లో అమ్మే ప్యాకెట్ పాలు కూడా ఒకసారి వేడిచేసి చల్లార్చినవే, వాటిలోనూ ఉండదు. ఆర్గానిక్ అంటే ఆవు తినే మేతలో మందు లేదని. అంతేగానీ ఆవుకి రోగం లేదని కాదు. ఈయన పాలు కాచకుండా ఎలాగో లోపలికి వెళ్ళాయి. ఎలా వెళ్ళాయన్నదే నాకు కావాలి." డాక్టరు యుగంధర్ వైపు తిరిగింది. "ఇంట్లో మీకెవరికైనా జ్వరం వచ్చిందా?"

"నాకేం లేదండి. అవే పాల కాఫీ రోజూ తాగుతాను. అమ్మే, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, నడుం పట్టేస్తోంది అంటోంది."

"అరవై దగ్గర పడ్డాక నొప్పులు రావేంట్రా?" అని రత్నమాణిక్యం విసుక్కుంది.

డాక్టరు ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, మణికట్టు పట్టుకుంది. "మీకూ జ్వరం ఉందమ్మా. అబ్బాయికి లేదు. పాలు ఒకటే, కాచింది ఒకరే. మరి మీ అత్తాకోడళ్ళిద్దరి నోట్లోకీ వెళ్ళి, అబ్బాయి నోట్లోకి వెళ్ళనిది ఏంటి?"

కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు కోసం రత్నమాణిక్యం భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్ళకి చల్లగా వెండి చెంబు తగిలింది.

ఆ చెంబులో ఉన్నది ఇవాళ్టి తీర్థం.

దుర్గాశ్రీకి నెల తప్పిన దగ్గర్నుంచీ రత్నమాణిక్యం ఇంట్లో బాలకృష్ణుడికి రోజూ పాలాభిషేకం చేస్తోంది. కడుపులో ఉన్న బిడ్డకి ఏ ఆపదా రాకూడదని మొక్కు. అభిషేకానికి కాచిన పాలు పనికిరావు. పొయ్యెక్కిన పాలు స్వామి మీద పొయ్యకూడదు, ఎవరింట్లోనైనా అంతే. అందుకని సీసా మూత తియ్యగానే ముందు స్వామికి కాసిని పాలు వెండిగిన్నెలో వంపి, ఆ తరవాతే మిగతావి పొయ్యి మీద పెట్టేది. విగ్రహం మీద పోసిన పాలు పళ్ళెంలో పట్టి, తులసిదళం వేసి, తను ఒక ఉద్ధరిణెడు పుచ్చుకుని, కోడలికి మాత్రం అరగ్లాసు ఇచ్చేది. రెండు ప్రాణాలున్న మనిషి కదా అని. యుగంధర్ తెల్లవారకుండానే కొట్టుకి పోతాడు, పూజ అయ్యేసరికి ఇంట్లో ఉండడు.

దాన్ని పాలని ఎవరనుకుంటారు? గోదారి నీళ్ళు బిందెలో ఉంటే నీళ్ళు, పంచపాత్రలో పడితే తీర్థం. పాలూ అంతే. పాలు తాగావా అంటే ఆ ఇంట్లో గ్లాసు గుర్తొస్తుంది గానీ తీర్థం ఎలా గుర్తొస్తుంది? సత్యదేవుడి మీద ఒట్టు వేసినప్పుడు కూడా ఆవిడ అబద్ధం ఆడలేదు, పాపం.

ఇప్పుడు గుర్తొచ్చింది.

చెప్పాలా? ఎవరికీ తెలియదు. జనమంతా నాగేశ్వరప్రసాద్‌నే దోషిని చేసి చూస్తున్నారు. ఆయన తప్పూ లేకపోలేదు. ఈ ఒక్క మాట మింగేస్తే రేపు రిపోర్టు దాని దారిన అది వస్తుంది, మందు దాని దారిన అది మొదలవుతుంది. చెబితే కొడుకు మళ్ళీ ముఖం చూస్తాడా? "మా అత్తగారు నాకు అమ్మ కంటే ఎక్కువండీ" అని నర్సులందరికీ చెప్పుకునే ఆ పిచ్చిపిల్లకి తను ఏ ముఖం పెట్టుకుని కనిపించాలి? స్వామీ, నీ పేరు చెప్పి నా చేత ఏం చేయించావయ్యా? ఆవిడకి కృష్ణుడి మీద కోపం వచ్చింది, ఆ కోపానికి భయం వేసింది, ఆ భయంలో డాక్టరు మాట గుర్తొచ్చింది. ఒక్క పూట ఆలస్యమైనా బిడ్డకి మంచిది కాదు.

ముఖం మాటకేం గానీ, ఆ పూట ఎక్కడి నుంచి తెస్తుంది?

"తీర్థమండి" అంది.

"ఏంటమ్మా?"

"స్వామికి పచ్చిపాలతో అభిషేకం చేస్తాను. ఆ తీర్థం రోజూ అమ్మాయికి ఇస్తున్నాను. అరగ్లాసు. నేనూ పుచ్చుకుంటాను. వీడికి... వీడికి ఇవ్వడం కుదరదండి. నేనే పోశానండి డాక్టరు గారూ. నా చేత్తో నేనే పోశాను."

యుగంధర్ గిరుక్కున తల్లి వైపు తిరిగాడు. "ఇక్కడ చేర్పించాక?" అన్నాడు. "రోజూ ఇంటికెళ్ళి పూజ చేసుకుని వస్తున్నావు కదా. ఇక్కడికి కూడా తెచ్చావా?"

"తెచ్చాను. నిన్నా పోశాను, మొన్నా పోశాను. జ్వరం తగ్గాలని... ఇవాళ్టిది ఇంకా పొయ్యలేదురా, నిద్రలో ఉందని ఆగాను." భుజాన ఉన్న సంచిని తట్టి చూపించింది.

వాడు తిడతాడని ఆవిడ ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. వాడు వెనక్కి తిరిగి, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. కొడుకు ఏడవడం రత్నమాణిక్యం వాడి తండ్రి పోయిన రోజున చూసింది, మళ్ళీ ఇప్పుడే.

డాక్టరు ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. "అమ్మా, మీరు చెప్పి మంచి పని చేశారు. మిగతా సంగతులు తరవాత" అని నర్సుని కేకేసి మందుల పేర్లు చెబుతూ గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంతలో గోడ పక్కన నాగేశ్వరప్రసాద్ కిందికి జారి చతికిలబడ్డాడు. ఆవిడని చూసి కాదు. "మా ఇంట్లో అందరం పచ్చిగానే తాగుతామండి" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "మా పాపకి నాలుగు రోజుల నుంచి ఒళ్ళు కాలుతోంది. జలుబు అనుకున్నాం." జేబులోంచి ఫోన్ తీసి, చెవి దగ్గర పెట్టుకుని, లేచి గబగబా మెట్లు దిగిపోయాడు. ఇందాక శాపనార్థాలు పెట్టిన నోటితోనే రత్నమాణిక్యం ఆ పసిదానికి ఏమీ కాకూడదని దణ్ణం పెట్టుకుంది. ఎవరికి పెట్టుకుంటోందో మాత్రం ఆవిడకి తోచలేదు. కళ్ళు మూసుకుంటే పాలు కారుతున్న ఆ చిన్న విగ్రహమే కనిపిస్తోంది.

"మేడమ్! ఒకసారి చూడండి మేడమ్, ఈవిడకి నొప్పులు మొదలయ్యాయి!"

గదిలోంచి నర్సు కేక అది. యుగంధర్ కిటికీ వదిలి పరిగెత్తాడు. తలుపు దగ్గరే డాక్టరు అతన్ని ఆపింది. "ఇప్పుడే మందు ఎక్కించాం. నొప్పులు ఆపడానికి కూడా ఇంజెక్షన్ ఇస్తున్నాను. ఆగితే సరే. ఆగకపోతే బిడ్డ ఇవాళే బయటికి వస్తుంది. ఏడో నెల బిడ్డ, పైగా ఈ జ్వరం. అబద్ధం చెప్పను, కష్టమే. కింద ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళుతున్నాం" అంది.

చక్రాల మంచం బయటికి వచ్చింది. దుర్గాశ్రీ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టి పట్టుకుని, కళ్ళతో ఎవరినో వెతుకుతోంది. మొగుణ్ణి చూసింది, ఆగలేదు. ఇంకా వెతికింది. గోడకి అంటుకుపోయి నిలబడ్డ అత్తగారు కనపడగానే ఆ కళ్ళు కుదుటపడ్డాయి.

"అత్తయ్యగారూ!"

దుర్గాశ్రీ చెయ్యి చాపి ఆవిడ కొంగు పట్టుకుంది. ఆ పట్టుకి మంచం నెట్టేవాళ్ళు ఆగాల్సి వచ్చింది.

"భయమేస్తోంది అత్తయ్యగారూ. పోయినసారి కూడా ఇలాగే వచ్చింది నొప్పి." పెదవులు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. "బిడ్డ కదలడం లేదు. పొద్దుటినుంచీ చూస్తున్నాను."

"కదులుతుంది నా తల్లీ, కదులుతుంది. మందు ఎక్కించారు" అంది రత్నమాణిక్యం.

"మందు సరేలెండి. మీరు తీర్థం తెచ్చారా?"

యుగంధర్ తల్లి ముఖంలోకి చూశాడు. మంచం తల దగ్గర నిలబడ్డ డాక్టరు కూడా చూసింది. సంచి రత్నమాణిక్యం భుజానే ఉంది, చెంబు అందులోనే ఉంది.

"ఇవాళ ఇవ్వలేదు కదా మీరు. అందుకే నొప్పులొచ్చాయేమో" అంది దుర్గాశ్రీ. "ఇన్నాళ్ళూ నా బిడ్డని కాపాడింది అదే అత్తయ్యగారూ. రెండు చుక్కలు పోయండి. అది పడితే గానీ నాకు ధైర్యం రాదు."

కొంగు వదలకుండానే, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.